‘సరే’ అనే పేషెంట్లు

నా భార్య న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు. ఈ మాట చెప్పగానే వికారాబాద్‌లో మా చుట్టాలు నావైపు జాలిగా చూస్తారు, ఇంట్లో బాంబులు గానీ చేస్తుందేమో అన్నట్టు. నాది తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్. ఒంట్లోకి కొంచెం రేడియేషన్ మందు పంపి జబ్బును పట్టుకోవచ్చని, మాన్పవచ్చని ఆమె చెప్పేదాకా నాకూ తెలియదు. పొద్దున స్టేషన్‌లో ఆమె పట్నం బండెక్కుతుంది, నేను తాండూరు బండెక్కుతాను.

చదువంతా అయ్యాక బోర్డు పరీక్షలో ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. అది గట్టెక్కితేనే స్పెషలిస్టు. మొదటిసారి తప్పింది. పరీక్షలో ఒక పేషెంటుకు థైరాయిడ్ మందు గురించి, తాగాక తీసుకోవలసిన జాగ్రత్తల గురించి వివరంగా చెప్పిందట. ఆయన ప్రతి మాటకూ ‘సరే మేడమ్’ అన్నాడట. తీరా పరీక్షాధికారి ఏం అర్థమైందని అడిగితే, ‘గోళీలు ఏసుకోమన్నది సార్’ అన్నాడట. అసలు అక్కడ గోళీల ఊసే లేదు.

నాకు ఒళ్లు మండింది. ఆయనకు అర్థం కాకపోతే నీ తప్పెట్లా అవుతుందని ఇంట్లో ఎగిరాను.

“నా తప్పే. మనోళ్లు డాక్టరు ముంగట సమజ్ కాలేదంటరా?” అంది.

నిజమే. మా దిక్కు డాక్టరు ఏం చెప్పినా తలూపడమే మర్యాద. మళ్లీ అడిగితే ఎదురు మాట్లాడినట్టని భయం.

రెండోసారి పరీక్షకు ఆమె మా అమ్మను పేషెంటుగా కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టింది. అమ్మ దోమ అనే ఊరి దగ్గర కంది చేలల్లో పెరిగిన మనిషి. తలూపడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

“అత్తమ్మా, గీ మందు తాగినంక కొన్ని దినాలు నీ ఒంట్లకెళ్లి రేడియేషన్ వస్తది. పిల్లలను దగ్గరికి తీస్కోవద్దు. సమజైందా?”

“సరే బిడ్డా,” అంటూనే అమ్మ మా పాపను ఒళ్లోకి లాక్కుంది.

నేను పడీ పడీ నవ్వాను. నా భార్య నవ్వలేదు. అడిగే తీరే మార్చేసింది.

“మరి ఇయ్యాల పాప ఎవరి పక్కల పంటది?”

“నా పక్కల్నే. నేను లేకుంటె పంటదా అది?” అన్నాక గానీ అమ్మకు విషయం ఎక్కలేదు.

ఆ తర్వాత రోజుకో ఇబ్బంది తెచ్చిపెట్టేది అమ్మ. నా భార్య విసుక్కోకుండా దారి వెతికేది. నేనైతే మూడో మాటకే కసిరేవాణ్ని. అంత చదువుకుని, అత్త ముందు ఓడిపోతూ నేర్చుకుంటున్న ఆమెను చూస్తే గర్వంగా ఉండేది.

పరీక్ష రోజు పనికి సెలవిచ్చి పట్నంలో పరీక్ష జరిగే ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. బయటికొచ్చిన ఆమె ముఖం చూసి ఏమైందని అడిగాను.

“టైమ్ అయిపోయింది. మిగిలిన కేసులు సగం గూడ చెప్పలే.”

మొదటి పేషెంటు కుల్కచర్ల దిక్కు ముసలమ్మట, గొర్లు కాసే ఇంటి మనిషి. ఆ రోజే మందు తాగి ఇంటికి పోవాలి. అన్నిటికీ సరే అంది. పక్కన ఎవరు పడుకుంటారని అడిగితే అప్పుడు బయటపెట్టింది: బిడ్డా అల్లుడూ మందతో ఊళ్లు తిరుగుతున్నారు, వాళ్ల పసిపిల్లను సాకేది తనే. ఈమె అక్కడికక్కడే ముసలమ్మ చెల్లెలికి ఫోన్ కలిపించి, పిల్లను తన దగ్గర ఉంచుకోవడానికి ఆవిడను ఒప్పించేదాకా వదల్లేదట.

“పరీక్ష అయినంక మాట్లాడకపోయినవా?” అని గేటు దగ్గరే గొంతు పెంచాను.

“సార్ గూడ గదే అడిగిండు.”

“ఏమన్నవ్?”

“నేను మళ్లొచ్చి పరీక్ష రాస్త సార్, గీమె గీ మాపటికే పిల్లను పక్కల పండవెట్టుకుంటది అన్న.”

నా కోపం ఎటు పోయిందో. పాసైందన్న కబురు చాలా రోజులకు వచ్చింది గానీ, నాకు మాత్రం ఆమె ఆ గేటు దగ్గరే పాసైంది.