జిగ్‌జాగ్ కత్తెర గాటు

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో ముందు లేచి వెళ్లిపోయేది నేనే. భయంతో కాదు, చిరాకుతో. చిన్నప్పుడు వరంగల్‌లో మా మేనత్త చింతచెట్టు కింద ఆడమనిషి కథ చెబుతుంటే, దగ్గరికి వెళ్లి చూశావా అని అడిగి తిట్లు తిన్నదాన్ని. చదివింది జంతుశాస్త్రం. ఫొటో చూపించనిదే ఏదీ నమ్మే అలవాటు లేదు. ఇప్పుడు చెప్పబోయేదానికి ఫొటో ఉంది. అదే నా ఖర్మ.

మేము సూరత్‌లో, అడాజన్‌లో ఉంటాం. మా ఆయన హజీరాలో ఒక ప్లాంటులో ఇంజనీరు. నేను సముద్ర సర్వేలు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. తాపీ నది సముద్రంలో కలిసేచోటు దాటాక బురద దీవులుంటాయి, ఇక్కడివాళ్లు బేట్ అంటారు. అలాంటి ఒక బేట్ చుట్టూ తిరిగే డాల్ఫిన్లను కనిపెట్టి ఉండటం నా పని. ఏ గుంపు ఎటు పోతోంది, ఎక్కడ వేటాడుతోంది, పిల్లలున్నాయా, ఇదంతా నెలనెలా రాసి పంపాలి.

టీవీలో రింగుల్లోంచి దూకే డాల్ఫిన్లను ఊహించుకోకండి. ఇవి సీసం రంగులో ఉంటాయి. వీపు మీద ఎద్దుకున్నట్టు మూపురం, దాని మీద చిన్న రెక్క. చాయ్ రంగు నీళ్లలోంచి పైకి వచ్చి, బుస్సుమని ఊపిరి వదిలి, మళ్లీ మునిగిపోతాయి. ఆ కాసేపట్లోనే రెక్కను ఫొటో తీయాలి. రెక్క అంచున ఉండే గాట్లు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకొకదానికి ఉండవు. వాటిని బట్టే ఏది ఏదో గుర్తుపడతాం.

మా పడవలో ఒక కట్టుబాటు ఉండేది. బేట్ చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ చూసినదాని గురించి నోరు విప్పకూడదు. అవి కూడా మనతోపాటే దీవిని చుట్టి అటువైపు తేలతాయి. తొందరపడి లెక్క చెబితే ఒకే గుంపును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఆ గుంపులో మూడు గాట్లున్న ఆడది ఒకటి ఉండేది. దాన్ని మూడుగాట్లది అనే పిలిచేవాళ్లం. కరోనా వచ్చిన ఏడాది మొదట్లో దానికి పిల్ల పుట్టింది. పిల్ల రెక్క కొన పుట్టుకతోనే ఒక పక్కకి వాలి ఉంది. తల్లీ పిల్లా బేట్ పక్క పాయలో ఉన్నంతకాలం అటుగా పోయే లాంచీలన్నీ వేగం తగ్గించి పోవాలని అటవీశాఖతో ఒక ఒప్పందం. పాలు తాగే పిల్లకు తప్పుకోవడం చేతకాదు, ప్రొపెల్లర్ కింద పడిపోతుంది. ఈ ఒప్పందం మా పెద్దసారు ప్రసాద్ గారికి గొంతులో ముల్లులా ఉండేది. మాకు పని ఇచ్చేది ఆ లాంచీలవాళ్లే. వాళ్లకు నచ్చనిది ఆయనకు అసలే నచ్చదు.

లాక్‌డౌన్ కాస్త సడలిన రోజుల్లో, ఇంకా వానలు పడకముందు, మా పడవ నడిపే కానాభాయ్ ఫోన్ చేశాడు. బేట్ ఒడ్డున ఒకటి చచ్చి పడి ఉందన్నాడు. ఆఫీసుకు తాళం. కత్తులూ సీసాలూ అన్నీ లోపలే ఉండిపోయాయి. మా మనుషులంతా ఊళ్లకు పోయారు. నాకు దొరికిన సాయం యాదగిరన్న ఒక్కడే. సిరిసిల్ల నుంచి వచ్చి వడోద్‌లో ఉంటున్నాడు. సలాబత్‌పురాలో ఒక చీరల షావుకారు దగ్గర శాంపిళ్లు కత్తిరించే పని ఆయనది. కొత్త సరుకు రాగానే అంచులోంచి చదరంగా ఒక ముక్క తీసి, అట్టకు అంటించి, బేరగాళ్లకు పంపాలి. కొట్టు మూతపడి ఖాళీగా ఉంటే పడవ పనికి నేనే రమ్మన్నాను.

మేము ఒడ్డుకు చేరకముందే వాసన మా దగ్గరికి వచ్చింది. కుళ్లిన చేపల వాసన నాకు కొత్త కాదు. ఇది అది కాదు. తీపి కలిసిన కంపు, గొంతులోకి దిగి నాలుక మీద కూర్చునే కంపు. పొట్ట ఉబ్బి ఉంది. చర్మం కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి జారిపోతోంది. కంటి గుంటలోంచి ఒక ఎండ్రకాయ బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికే పోయింది. పొట్ట అడుగున నా చెయ్యి ఆనితే ఇంకా పాలు వచ్చాయి, పసుపుపచ్చగా, చీముతో కలిసి.

చుట్టూ బురదలో వాడి పారేసిన మాస్కులు అతుక్కుని ఉన్నాయి. అంత దూరం పడవేసుకుని వినోదం చూడటానికి వచ్చిన మగాళ్లు కొందరున్నారు. ఒకడు చెప్పుకాలు దాని మీద పెట్టి ఫొటో దిగుతున్నాడు. పొట్ట తొక్కితే తల మీది ఊపిరి రంధ్రంలోంచి గాలి వస్తోందని ఇంకొకడు పదేపదే తొక్కి నవ్వుతున్నాడు. నిజంగా అసహ్యం వేసింది శవాన్ని చూసి కాదు, వాళ్లను చూసి. అరిచి తరిమేశాను.

రెక్క తుడిచి చూశాను. మూడుగాట్లదే. పరీక్ష కోసం రెక్క అంచులోంచి ఒక ముక్క తీయాలి. యాదగిరన్న సంచిలోంచి తన కత్తెర బయటికి తీశాడు. గుడ్డ పోగులు ఊడకుండా పళ్లుపళ్లుగా కోసే జిగ్‌జాగ్ కత్తెర.

"గిది తప్ప నా తాన ఏం లేదు మేడం. మీరు జర అటు తిరుగుండ్రి, నాకు కక్కొస్తున్నది" అన్నాడు.

కక్కుతూనే కోశాడు. చిన్న ముక్క చాలని చెప్పడం నేను మరిచిపోయాను. ఆయన చేతికి ఉన్న అలవాటు చీర శాంపిల్ అలవాటు. అటొక కోత, ఇటొక కోత, అడుగున ఒకటి, చక్కగా చదరపు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. రెక్కలో మిగిలిన ఖాళీకి మూడు వైపులా పళ్లు. ఆ కత్తెరకు మధ్యలో ఒక పన్ను విరిగి ఉంది, అడుగు కోతలో ఆ చోటు చదునుగా వచ్చింది. అన్నీ ఫొటోలు తీశాను. గుంట తవ్వి పూడ్చేశాం. ఆ జిడ్డు నా చేతులకు కొన్నాళ్ల దాకా వదల్లేదు, అన్నం కలుపుకోవడానికే రోత పుట్టేది. ల్యాబులు మూసి ఉన్నాయి కాబట్టి ఆ ముక్క సీసాలో మా ఇంటి ఫ్రీజర్లోనే ఉంది, పచ్చిబఠాణీల పక్కన. మా ఆయన ఫ్రిజ్ తెరవడం మానేశాడు.

వీడియో కాల్‌లో చెబితే ప్రసాద్ గారు మిరపకాయ బజ్జీ తింటూ విన్నారు. పాలూ చీమూ అని నేను చెబుతున్నప్పుడే ఇంకొకటి అందుకున్నారు.

"తల్లి పోతే పిల్లా పోయినట్టే గదమ్మా. రెండు ఫైళ్లూ మూసెయ్యి, ఆ లాంచీల గోల వదిలిపోద్ది" అన్నారు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లంటే ఎవరో ఆ రోజు కళ్లారా చూశాను. తల్లి ఫైలు మూశాను. పిల్ల శవం కనబడితే తప్ప దాని ఫైలు మూయనన్నాను. వానలు వెలిశాక వెళ్లి చూద్దామన్నారు. పిల్ల బతుకుతుందని నాకూ ఆశ లేదు, అయినా ఫైలు మూయడానికి చేతులు రాలేదు.

ఆ వానాకాలంలోనే నాకు కరోనా వచ్చింది. తగ్గింది గాని వాసన పోయింది. పోపు మాడినా తెలియదు, అగరుబత్తి ముక్కు దగ్గర పెట్టినా తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు అర్థమవుతుంది.

దీపావళి దాటాక మళ్లీ బేట్‌కు వెళ్లాం. కానాభాయ్, యాదగిరన్న, నేను. ఎండ బాగా ఉంది, నీళ్లు కదలకుండా ఉన్నాయి. చుట్టు సగం పూర్తయ్యేసరికి నాకు వాసన తగిలింది. నెలల తర్వాత మొదటిసారి ఒక వాసన. సంతోషించే వ్యవధి లేదు. అదే తీపి కంపు.

నా ముక్కు సంగతి పక్కన పెట్టండి. యాదగిరన్న మాస్కు మీద తువ్వాలు చుట్టుకున్నాడు. కట్టుబాటు మరిచిపోయి కానాభాయ్ "దీదీ, ఏదో చచ్చి తేలుతోంది" అని హిందీలో అంటూ నీళ్లు వెతకడం మొదలుపెట్టాడు. తేలుతున్నది ఏదీ లేదు.

పడవ పక్కనే బుస్సుమంది. ఆ ఊపిరితోపాటే కంపు మా మొహాల మీద పడింది. ముందు పిల్ల కనబడింది. కొన వాలిన రెక్క, ఒళ్లు నిగనిగలాడుతోంది, లాక్‌డౌన్‌కు ముందు చూసినప్పటికంటే పెరిగింది. దాని పక్కన రెండో వీపు లేచింది. చర్మం పొరలుపొరలుగా వేలాడుతోంది. రెక్క మీద మూడు గాట్లు. వాటి కింద చదరంగా ఒక ఖాళీ, మూడు వైపులా పళ్లు.

చెయ్యి దానంతటదే కెమెరా నొక్కుతూ పోయింది. అప్పుడు పిల్ల వాలి, దాని పొట్ట కిందికి దూరింది. నీళ్ల మీద తెల్లగా, పచ్చగా ఒక జిడ్డు తేలింది. పిల్ల పాలు తాగుతోంది. నేను పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకున్నాను.

"గది నేను కోసిందే మేడం. నా కత్తెరే" అన్నాడు యాదగిరన్న. తువ్వాలు ఇంకా బిగించి, "తాగనీయుండ్రి" అన్నాడు.

కానాభాయ్ ఇంజను ఆపేశాడు. అవి దూరంగా పోయాక మళ్లీ వేసి, మిగిలిన సగం చుట్టు తిప్పాడు. చుట్టు పూర్తయ్యాక కూడా ఎన్ని చూశామో ఎవరమూ చెప్పలేదు.

ఇంటికి రాగానే కాఫీ డబ్బా తెరిచి వాసన చూశాను. ఏమీ లేదు. వేపుడులో ఇంగువ వేసి చూశాను. ఏమీ లేదు. ఆ రాత్రి పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెట్టాను. విరిగిన పన్ను దగ్గరి చదును కూడా సరిగ్గా అక్కడే ఉంది. సొరచేప కొరికినా, ప్రొపెల్లర్ తగిలినా అలాంటి గాటు పడదు. సలాబత్‌పురాలో తప్ప అలాంటి గాటు పెట్టే పనిముట్టు నాకు తెలిసి లేదు.

ప్రసాద్ గారు ఫొటోలు చూసి, "చచ్చినదానికి హాజరు వేస్తావా అమ్మా? పాత ఫొటోలు కలిసుంటాయి. నీకింకా ఒంట్లో నలత తగ్గినట్టు లేదు" అన్నారు. కెమెరాలో కార్డు కొత్తది. పైగా పెరిగిన పిల్ల అదే ఫొటోలో ఉంది. ఆ మాట చెబితే దారి మార్చారు. ఒప్పందం తల్లీ పిల్లా ఉంటేనే, తల్లి ఫైలు మూసేశావు కాబట్టి లాంచీలకు ఇక అడ్డు లేదన్నారు. ఆ గొంతులోని హాయి వింటే నాకు మళ్లీ రోత పుట్టింది.

అప్పుడు నేను ఒకటే చేశాను. పిల్ల ఫైల్లో "పాలిచ్చే ఆడదానితో ఉంది, ఫొటో జత చేశాను" అని రాశాను. ఆ ఆడది ఏదో రాయలేదు. కాదంటే ఫొటోలు నేరుగా అటవీశాఖకు పంపుతానన్నాను. ఆయన తిట్టుకున్నారు గాని, లాంచీలు ఆ చలికాలమంతా మెల్లగానే పోయాయి.

ఆ చలికాలంలో ఇంకా కొన్నిసార్లు చూశాం. వెళ్లిన ప్రతిసారీ పిల్ల పెరిగింది, అది తరిగింది. ముందు వీపు మీద కండ పోయింది. తర్వాత ఎముకలు కనబడ్డాయి. చివరిసారి నీళ్ల పైకి వచ్చింది దాదాపు రెక్క ఒక్కటే. అయినా పిల్ల దాని కిందికే దూరింది. నాకు ఒక్కసారి కూడా జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు. ప్రతిసారీ రోతే. కళ్లు మూసుకుని ఫొటో తీసేదాన్ని.

తర్వాత రెండో వేవ్ వచ్చింది. మనుషుల చావులే చూడలేక పడవ మాటే మరిచిపోయాం. యాదగిరన్న కొట్టు మళ్లీ తెరిచారు. ఆయన కొత్త కత్తెర కొనుక్కున్నాడు. పాతది ఏం చేశావంటే, "కంపు పోతలేదు మేడం, తాపీల పడేసిన" అన్నాడు.

వానలు వెలిశాక మళ్లీ వెళ్లాను. అప్పటికి నా ముక్కు మెల్లగా దారిలో పడుతోంది. బేట్ అవతల కొన వాలిన రెక్క ఒక్కటే లేచింది. నోట్లో చేప గిలగిలలాడుతోంది, సొంతంగా పట్టుకున్నది. పడవ పక్కనే వచ్చి ఊపిరి వదిలింది. వంగి వాసన చూశాను. చేప వాసన, ఉప్పు వాసన, అంతే.

ఇంకో ఆడది దాన్ని సాకి ఉండొచ్చని తోటి ఉద్యోగులు అంటారు. అలా జరుగుతుంది, నాకూ తెలుసు. కరోనా వచ్చినవాళ్లకు లేని వాసనలు వస్తాయంటారు. అదీ తెలుసు. అయితే యాదగిరన్న తువ్వాలు ఎందుకు చుట్టుకున్నాడో, కానాభాయ్ నీళ్లు ఎందుకు వెతికాడో, ఆ పళ్ల గాటు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. ఆ ఉద్యోగం మానేశాను. ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి, తెరవను. ల్యాబులు తెరిచినా పంపడానికి చెయ్యి రాక, సీసా ఇంకా ఫ్రీజర్లోనే ఉంది.

దెయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. ఆ పిల్ల మాత్రం బతికింది. ఏం తాగి బతికిందో నాకు తెలియదు.