శంకరన్న కొడుకు

నిన్న సాయంత్రం మా ఎల్బీనగర్ ఇంటి బాల్కనీలో పిల్లలిద్దరూ పళ్లెం మోగిస్తూ, "పట్టు పట్టు, శంకరన్న కొడుకా" అని అరిచారు. వాళ్ల మేనమామ, మా అన్న రవి, తన ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున చివరిసారి గోల్‌లో నిలబడేది ఈరోజే.

ఆ కేకను చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ గల్లీ పిల్లలకు నేర్పింది నేనే. మా నాన్న శంకర్ పేరుమోసిన గోల్‌కీపర్. ఆయన పేరు వింటే అన్నకు ధైర్యం వస్తుందనుకున్నాను.

అన్న మొదటి పెద్ద మ్యాచ్‌లో బంతి చేతుల్లోంచి జారి గోల్ అయింది. "శంకరన్నయితే కండ్లు మూసుకొని పట్టేటోడు" అని వెనక ఎవరో నవ్వారు. ఇంటికొచ్చే బస్సులో అన్న తడిసిన గ్లవ్స్ ఒళ్లో పెట్టుకొని, "చెల్లె, నాకు పేరు లేదానే?" అన్నాడు. ఓడిపోయి అలిగాడనుకొని, తర్వాతి మ్యాచ్‌లో ఇంకా గట్టిగా అరిచాను.

అన్న ఎన్ని గోల్స్ ఆపినా, ఎన్ని క్లబ్బులు మారినా ఆ కేక అతన్ని వదల్లేదు. నిన్న పిల్లల నోట అది వినగానే, బస్సులో అన్న అడిగిన మాట గుర్తొచ్చింది.

పొద్దున టిఫిన్ పెడుతూ పిల్లలకు చెప్పాను.

"ఇయ్యాల తాత పేరు తియ్యకుండ్రి. రవి మామా అని అరవుండ్రి."

"మరి గోల్ పడితే?" అన్నాడు చిన్నోడు.

"పడినా రవి మామనేరా."