శుక్రవారం కంతు

తిరుత్తణిలో మేముండే నేతగాళ్ళ వీధిలో శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లోంచి రూపాయి బయటికి పోదు. పక్కింటివాళ్ళు అడిగినా రేపు రమ్మంటాం.

తమ్ముడు పోయాక నా మరదలు సొంతంగా నూలు కొని లుంగీలు నేస్తూ బతికింది. నూలుకు డబ్బు, ఇంటికే వచ్చి అప్పిచ్చి వారంవారం వసూలు చేసుకునే ఒక కంపెనీ ఇచ్చేది. ముప్పై వేల అప్పు, వారానికి ఏడు వందల ఇరవై కంతు, యాభై వారాలు. ఒకటి తీరగానే ఇంకొకటి. ఒక్క కంతూ తప్పలేదు. ఆ లెక్క చూసేదాన్ని నేనే.

జూలైలో, ఆడి నెల పుట్టాక వసూలుకు కొత్త మనిషి వచ్చాడు. బుధవారం ఉన్న వసూలును శుక్రవారానికి మార్చాడు. ఒకరోజు దీపం పెట్టాక వస్తే, తెల్లారి తీసుకోమంది మరదలు. అతను తిన్నె మీద కూర్చుండిపోయాడు. ఎదురింటివాళ్ళకు వినపడేటట్టు, "సామికి పూలు కొనేదానికి ఉండాది, కంతుకు లేదా అక్కా?" అన్నాడు. ఎనిమిదింటిదాకా కదల్లేదు. మరదలు డబ్బు ఇవ్వలేదు, అన్నమూ తినలేదు.

ఇట్లాంటి కంపెనీలకు ఒక సంఘం ఉందని, ఫిర్యాదు వింటారని కంతు కార్డు వెనక అచ్చేసి ఉంది. మరదలిని తీసుకుని రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళాను. మేడ మీద చిన్న ఆఫీసు. అక్కడి ఆయన మంచినీళ్ళిచ్చి అంతా విన్నాడు. కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘమట. చీకటి పడ్డాక వసూలుకు పోకూడదు, నలుగురిలో మాట అనకూడదు, మూడు అప్పులున్నవాళ్ళకు నాలుగోది ఇవ్వకూడదు. ఇవి తప్పిన కంపెనీని అడగడమే వాళ్ళ పని. ఫిర్యాదు చేస్తే ఈమెకు ముందుముందు ఇబ్బంది రాదుగదా అని అడిగాను. రాకూడదన్నాడు.

తిరుగు రైల్లో మరదలు, "ఇంక నిమ్మళంగా ఉంటాది వదినా," అంది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. పది రోజుల్లో కంపెనీవాళ్ళు వచ్చి తప్పైందన్నారు. ఆ మనిషిని మార్చారు. వసూలు మంగళవారం పొద్దున పెట్టారు.

తై నెలలో, సంక్రాంతి అయ్యాక అప్పు తీరింది. కొత్తది అడిగితే పైవాళ్ళను అడిగి చెప్తామన్నారు. మూడు వారాలు తిప్పి, మీ వీధికి ఇంక ఇవ్వడం లేదన్నారు. కారణం చెప్పలేదు. మా వీధిలో అప్పులిచ్చే మిగతా రెండు కంపెనీలదీ అదే మాట. సంఘానికి ఫోన్ చేశాను. అదే ఆయన.

"ఇచ్చినాక ఎట్లా నడుచుకోవాలనేదే మేం చెప్పగలం అమ్మా. ఇవ్వండని చెప్పలేం. అది వాళ్ళ ఇష్టం."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజమే. వీధిలో అప్పు ఆగిపోయిన మరో ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం కుళాయి దగ్గర మరదలిని పట్టుకుని, "మీ వదిన రైలెక్కిపొయ్యి మర్యాద కొనుక్కొచ్చింది గదా, దాంతో లుంగీలు నేసుకో పాపా," అన్నారు. ఆమె బిందె నింపుకుని వచ్చేసింది. ఆ మాట నాతో చెప్పింది కూడా వేరే మనిషి.

ఇప్పుడు మరదలు బట్టల వ్యాపారం చేసే ముదలాళి దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేస్తోంది. కూలి కింద ముందే ఇచ్చే అడ్వాన్సుకు ఆయన వడ్డీ అడగడు. అది తీరేదాకా ఇంకొకరికి నేయకూడదు, ఇచ్చిన కూలికి ఎదురు చెప్పకూడదు. ఆయన ఏ సంఘంలోనూ లేడు. పోయిన వారం నూలు మూట దించుతూ, ఇంకో రెండు వేలు అడ్వాన్సు తీసుకున్నానని చెప్పింది.