రాణి చీమ కోసం

మెకాంగ్ నది పాయ మీద మా కాలవగట్టున థామ్ కమలా తోట నిండా ఎర్ర చీమలే. పచ్చి ఆకులను దగ్గరికి లాగి పట్టుకొని, తమ పిల్లపురుగుల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో కుట్టి గూళ్లు కట్టేవి. కాయల రసం పీల్చే కంపు పురుగులను బతకనిచ్చేవి కావు. చెట్టుకూ చెట్టుకూ మధ్య వెదురు బద్దలు వేసి థామ్ వాటికి దారులు చేసేది. ఎండాకాలంలో చేప పేగులు కొమ్మలకు వేలాడగట్టేది. భర్త పోయాక ఆమె ఎక్కువగా మాట్లాడింది వాటితోనే.

పక్క తోట తమ్ముడు ఖాంగ్‌ది. చీమలు కరుస్తున్నాయని కూలీలు అతని కాయలు కోయడానికి రావడం మానేశారు. ఒక పొద్దున అతడు చెట్లకు పురుగుమందు కొట్టాడు. గాలి ఇటు తిరిగింది. మధ్యాహ్నానికి థామ్ చెట్ల కింద నేలంతా చచ్చిన చీమలే.

"గాలి చూసుకోవద్దట్రా?"

"చీమలే కదక్కా! ఇంకో రెండు గూళ్లు తెచ్చుకుంటే పోలా?"

"అలాగేలే. మీ ఆవిడ పోతే నువ్వూ ఇంకొకదాన్ని తెచ్చుకుందువుగాని!"

ఆ మాట ఖాంగ్ భార్య లువా చెవిన పడింది. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

థామ్ చిత్తడి అడవి నుంచి గూళ్లు కోసుకొచ్చింది. చీమలు కొన్నాళ్లు తిరిగి, పలచబడిపోయాయి. ఎన్ని గూళ్లున్నా గుంపంతటికీ రాణి ఒక్కటే. అది ఉన్న గూడు దొరక్కపోతే, ఉన్నవి ముసలివై రాలిపోవడమే. కాయలకు పురుగు పట్టింది. అక్క వాటిని ఏరి పారబోయడం ఖాంగ్ గట్టు మీంచి చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, రేవు దగ్గరి పెద్ద చెట్టు చిటారున బలమైన గూడుంది. రాణి అందులోనే ఉంటుంది. తెస్తా."

"నీ ఇష్టం," అంది థామ్, ఇటు తిరగకుండానే.

ఖాంగ్ ఆ చెట్టెక్కాడు. గూడు కోసి సంచిలో వేసి మూతి బిగించేసరికే చీమలు అతని కళ్లను కమ్మేశాయి. కాలు జారింది. పోటు తగ్గి రేవులో నీళ్లు లేని వేళ. కింద పడవలు కట్టే గుంజలు. ఆసుపత్రికి తీసుకెళ్లే పడవలోనే ప్రాణం పోయింది.

అంత్యక్రియలు అయిన మర్నాడే లువా ఆ గూడున్న సంచి పట్టుకొచ్చింది. థామ్ చేతులు చాచలేకపోయింది.

"దీనికోసమే ఎక్కాడు వదినా. పారేశావో, ఊరుకోను," అంటూ లువాయే దాన్ని కొమ్మకు కట్టి మూతి విప్పింది.

వానలకు కొత్త గూళ్లు వెలిశాయి. ఆ ఏడు కాయలు నున్నగా మెరిశాయి. వదినా మరదళ్లు కలిసే కోశారు. ఒక చెట్టు దగ్గర లువా బుట్ట దించి కండువాతో కళ్లు ఒత్తుకుంది.

"చీమ కుట్టిందా?"

"ఆఁ, కుట్టింది."

థామ్ నమ్మినట్టే ఆమె బుట్ట కూడా తనే అందుకుంది.