వీరభద్రాచారి తలుపులు

ఫిల్మ్‌నగర్‌లో సెట్ల పని చేసిన ఏ పాత మనిషినడిగినా వీరభద్రాచారి ఎవరో చెబుతాడు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. కట్టింది మాత్రం కోటలు, దొరల గడీలు, ఓసారి వారం తిరక్కముందే ఏకంగా రైల్వే స్టేషన్. ఆయన ప్లైవుడ్ సింహద్వారాన్ని నిజం రాయనుకుని ఏనుగు వెనకడుగు వేసిందట. ఆ సంగతి ఆయనే చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ఏనుగు కాస్త పెరుగుతుంది.

ఇన్ని కట్టినా ఒకటే వెలితి. ఆ తలుపులు తీస్తే లోపల ఇల్లుండదు. ముందొక గోడ, దాని వెనక ఊతకర్రలు, అంతే.

మనుమరాలు శ్రీనిధి జూబ్లీహిల్స్‌లో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేరాక, ఓ ఆదివారం ఎవరో చేసిన గేము పెట్టి మీటలు ఆయన చేతికిచ్చింది. తెరమీద సేనాపతి యుద్ధానికి పిలుస్తున్నాడు.

"గటు కాదు తాతా, యుద్ధం గిటు!"

"యుద్ధం యాడికి పోతది? జర ఊరు చూసొస్త ఆగు."

సినిమాలో హీరో అయినా కెమెరా ముందు గీసిన సుద్దగీత దాటితే కట్ అంటారు. ఇక్కడ అడిగేవాడే లేడు. వాగు దాటాడు, గుట్టెక్కాడు, ఎవరిదో తలుపు తోశాడు. లోపల పొయ్యి, కుండ, మూలన ఉయ్యాల.

"లోపల గూడ కట్టిండ్రే!" అన్నాడు.

"మా గేముల గూడ అన్ని తలుపులూ తెరుచుకుంటయి. ఊరు నువ్వే గియ్యాలె" అంది శ్రీనిధి.

ఆ మాట మీద ఏడాది గీశాడు. అటకలు, దీపపు గూళ్లు, ఊరి చివర వడ్రంగి ఇల్లు, అందులో వడ్రంగం చేసి పోయిన తన నాయన పీట, పీట పక్కన చెక్క చెక్కే బాడిశ. ఆ ఇంట్లోకి ఒక్కసారి పోయి నిలబడాలి. అంతే ఆయన కోరిక.

గేము పూర్తయిందని ఆఫీసుకు పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఆఫీసు పిల్లలంతా చుట్టూ మూగారు. తెరమీది బొమ్మను నేరుగా ఊరి చివరికి నడిపించి వడ్రంగి తలుపు తోశాడు. కదల్లేదు. పక్కింటిదీ అంతే. ఇంటి వెనక్కి పోబోతే కంటికి కనపడని గోడేదో అడ్డం తగిలింది.

"లోపలివి తీసేసిండ్రు తాతా. జనం ఆడే ఫోన్లు గంత మొయ్యలేవంట. కథ ఎటుంటే అటే పోవాలె" అంది శ్రీనిధి, నేల చూస్తూ.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"...ఎండకాలం నుంచి. చెప్తే గీసుడు బంద్ చేస్తవని చెప్పలే. ముంగటి గోడలు ఇంక కావాలె గద."

దసరాకు కూడా ఆయన కూర్చుని గీశాడు. పక్కన టీ పెట్టి "ఈ అటక బాగుంది తాతా" అన్నది ఈ పిల్లే.

"నీ పేరు మొదట్లనే ఏసినం, చూడు" అంది తెర చూపిస్తూ.

"తీసెయ్."

"తాతా..."

"ముంగటి గోడలు కట్టనీకె ఫిల్మ్‌నగర్ల మస్తు మంది ఉన్నరు బిడ్డా. తీసెయ్."

మరునాడు టీ కొట్టు దగ్గర పాత మేస్త్రీలు కూర్చోబెట్టారు. ఆయన కోట చెప్పాడు, గడీ చెప్పాడు, స్టేషన్ చెప్పాడు, ఏనుగు చెప్పాడు.

"అటెన్క ఏం కట్టినవ్ చారీ?"

"అటెన్క ఏం కట్టలే" అన్నాడు వీరభద్రాచారి.