యాపిల్ చెట్టును కిందికి దించాను

నిచ్చెన మీంచి పడ్డాక నాకు అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: ఆ చెట్టు కొట్టించెయ్.

కెనడాలోని బర్నబీలో మేం ఈ ఇల్లు కొనేనాటికే పెరట్లో యాపిల్ చెట్టు ఉంది. ఎవరు నాటారో తెలియదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక ఇంటి కప్పును దాటి పెరిగిపోయింది. కాయలు పచ్చగా, గట్టిగా, పళ్లు పులిసేంత పుల్లగా ఉండేవి. ఇంట్లోకి వచ్చిన మొదటి ఏడు వాటిని పప్పులో వేసి చూశాను. మా ఆయన రెండోసారి అన్నం కలుపుకొని, "మామిడికాయ ఎక్కడ దొరికింది?" అని అడిగారు. అప్పటినుంచి ఆ చెట్టు ఆలనాపాలనా నాదే. చలికాలం చివర్లో, చిగురు రాకముందే కొమ్మలు కత్తిరించేదాన్ని. ఆకురాలు కాలంలో కిందపడ్డ ఆకులన్నీ ఊడ్చి ఎత్తేసేదాన్ని. ఈ వానలకు వాటిని అలాగే వదిలేస్తే మరుసటి ఏడు కాయల మీద నల్లమచ్చలు వస్తాయి.

ఆ ఫిబ్రవరిలో గడ్డి బాగా తడిసి ఉంది. పై కొమ్మకోసం చెయ్యి చాచానో లేదో, నిచ్చెన కాలు జారింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

చర్చి స్నేహితురాలు ఒకావిడ ఆసుపత్రికి సూప్ తెచ్చింది. "దేవుడు కాపాడాడక్కా. ఆ చెట్టు మనకెందుకు చెప్పు? స్టోర్‌లో దొరకని యాపిల్సా?" అంది. మా అమ్మాయి ఫోన్ చేసి, "మామ్, ఇట్స్ జస్ట్ ఎ ట్రీ. లెట్ ఇట్ గో" అంది. మా ఆయన అయితే ఏమీ అడగలేదు. నేను వాకర్ పట్టుకొని ఇంటికొచ్చిన వారానికి, "రేపు పొద్దున చెట్టు కొట్టేవాడు వస్తాడు. అపాయింట్‌మెంట్ తీసేసుకున్నా" అన్నారు.

"నన్ను అడగకుండానే?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

నిజమే, ఒప్పుకోను. అందుకే ఒళ్లు మండిపోయింది. పడింది నేను, విరిగింది నా ఎముక. నిర్ణయం మాత్రం అందరిదీనూ. ఆసుపత్రిలో పడుకున్నన్ని రోజులూ నేను ఫోన్‌లో అదే చదివాను: ఎత్తుగా పెరిగిపోయిన ముసలి యాపిల్ చెట్టును ఏంచేయాలని. కొట్టేయనక్కర్లేదు. ఏటా చలికాలంలో ఒక పెద్ద కొమ్మ చొప్పున తీసేస్తూ, రెండు మూడేళ్లలో నెమ్మదిగా ఎత్తు తగ్గించవచ్చు. ఒక్కసారే నరికితేనే అది తట్టుకోలేదు. నిచ్చెన ఎక్కొద్దని డాక్టర్ చెప్పింది. సరే, ఎక్కను. చెట్టునే కిందికి దించుతాను.

పొద్దున్నే లారీ ఆగిన చప్పుడైంది. నేను నైటీ మీదే కోటు వేసుకొని, వాకర్‌తో తడిగడ్డిలోకి దిగి, చెట్టు మొదట్లో నిలబడ్డాను. రంపం పట్టుకొచ్చిన మనిషి నన్ను చూసి ఆగిపోయాడు. మా ఆయన వెనకాలే పరిగెత్తుకొచ్చారు. "పిచ్చా నీకు? మళ్లీ పడతావు! లోపలికి పద."

"పడితే పడతాను. మీరు వెళ్లి కాఫీ పెట్టండి."

ఆ మనిషి చెట్టు చుట్టూ తిరిగి, మాను మీద తట్టి చూశాడు. లోపల కొంచెం గుల్ల ఉంది, ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. ఆ మాట నాకూ వర్తిస్తుందని, నన్నెవరూ కొట్టేయడం లేదు కదా అని ఇంగ్లీషులో అన్నాను. అతను నవ్వలేదు. ఇంతకీ ఏం కావాలని అడిగాడు. వాకర్ ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో నడిమధ్య నిటారుగా లేచిన కొమ్మను చూపించాను. అదొక్కటీ తీసెయ్, మిగతావి ముట్టుకోకు అన్నాను. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా ముఖం చూసి, కాఫీ పెట్టడానికి వెళ్లిపోయారు.

ఆ ఎండాకాలం చెట్టు నామీద పగబట్టినట్టే చేసింది. కొమ్మ కోసినచోట నిటారుగా, కర్రల్లాంటి రెమ్మలు గుంపులుగా లేచాయి. పూతా లేదు, కాతా లేదు, ఉన్న సారమంతా తాగేయడమే. పొడుగు కర్రకున్న కత్తెరతో నేలమీదే నిలబడి ఒక్కొక్కటే తెంపాను. కాలు నొప్పెడితే కుర్చీ వేసుకొని కూర్చొని తెంపాను. మరుసటి చలికాలం అదే మనిషిని పిలిచి రెండో కొమ్మ తీయించాను. ఆ ఏడు పూత సమయానికి ఎడతెగని వాన. ఒక్క తేనెటీగ కూడా రాలేదు. చెట్టంతా వెతికితే చేతినిండా కాయలు లేవు.

"చూశావా?" అన్నారు మా ఆయన.

"చూశాను. ఇంకో కొమ్మ ఉంది."

నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. చేతులారా చంపేశానేమోనని ఆ చలికాలమంతా బెరడును గోటితో గీకి, కింద పచ్చదనం ఉందో లేదో చూసేదాన్ని. ఆ భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడో కొమ్మ తీసిన ఏడు, కింది కొమ్మలు తెల్లగా పూశాయి. గుత్తుగుత్తులుగా పిందెలు కట్టాయి. జూన్‌లో గుత్తికొక్కటి ఉంచి మిగతావన్నీ గిల్లేశాను. మా ఆయన తలపట్టుకున్నారు. "మూడేళ్లు ఏడిపించి, కాసినవాటిని నువ్వే పారేస్తున్నావా?" ఒక్కటే ఉంటే లావుగా ఊరుతుందని, కొమ్మ విరగదని చెప్పినా ఆయన రాలిన పిందెలను చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

సెప్టెంబరు చివర్లో నేలమీద రెండు కాళ్లూ ఆనించి కాయలు కోశాను. మాను గుల్ల అలాగే ఉంది, నా కుంటి నడకా అలాగే ఉంది. బుట్ట పట్టుకున్న మా ఆయన మెల్లగా అన్నారు: "మనకీ వయసైపోతోంది. వచ్చే ఏడు ఏదైనా చిన్న కాండో ఫ్లాట్ చూద్దామా? యార్డ్ పని ఉండదు."

"చూడండి. బావుంటే మీరు వెళ్లండి."

"మరి నువ్వు?"

"వచ్చే ఏడుకి ఈ పక్క కొమ్మ ఇంకొంచెం కిందికి వంచాలి" అని, బుట్ట ఇటు జరపమన్నాను.