సుభానీ హస్తవాసి

ఆ సాయంత్రం కూడా సుభానీ గంజాయి దుకాణం నుంచి వచ్చి, ఇంట్లోకి అడుగుపెట్టకుండానే నూతి దగ్గర కూర్చున్నాడు. చింతపండు పిప్పితో చేతులు తోముకుని, బూడిద రాసి మళ్ళీ కడిగాడు. కుడిచెయ్యి భార్య ముక్కు దగ్గర పెట్టి, "ఇంకా ఉందా?" అన్నాడు.

"లేదండీ. చెయ్యి అరిగిపోగల్దు, లేవండి," అంది మీరాబీ. వాసన ఉంది. రోజూ ఉండేది. రోజూ లేదనే చెప్పేది.

అన్నం తిని పడుకున్న మనిషి తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేవలేదు.

సుభానీది గంజాయి అమ్ముకునే వంశం కాదు. తాతా తండ్రీ అనకాపల్లి వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి బతికారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి కళాయికి తగరం దొరక్కుండా పోయేసరికి కుంపటి చల్లారింది. అప్పట్లో సర్కారు పెట్టే అబ్కారీ వేలంలో గంజాయి దుకాణాలు పాడుకున్న నూకరాజు దగ్గర సుభానీ పనికి కుదిరాడు. తగరం వచ్చేదాకానే అని మీరాబీకి మాటిచ్చాడు.

కొత్తలో ఒక బైరాగి, ఈ సరుకు పిచ్చెక్కిస్తుందని దుకాణం ముందు గోల పెట్టాడు. సుభానీకి విసుగొచ్చింది.

"శివుడు విషం మింగినప్పుడు గొంతు సల్లారడానికి పార్వతమ్మ ఈ ఆకే నూరి పెట్టిందని మీరంటారు. మా ఫకీర్లు ఇంకోటంటారు సామీ. గాలి లేని మిట్టమజ్జాన్నం అడవంతా సోలిపోతే ఒక్క మొక్క మాత్రం ఊగుతోందట. అది నమిలి, ఎప్పుడూ నవ్వని ఫకీరు పకపకా నవ్వేడట. ఆయనే ఆ ఆకు మా తాత సేతిలో పెట్టి, నీ వంశం సేతిమీద పుచ్చుకున్నోడికి పిచ్చెక్కదు పొమ్మన్నాడు. తెలిసిందా?"

మొదటి రెండు కథలూ నలుగురూ చెప్పుకునేవే. తాత సంగతి అప్పటికప్పుడు నోటికొచ్చింది. బైరాగి మాత్రం పొట్లం కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

ఆ కథ దేవరాపల్లి దాకా పాకింది. మంచి వైద్యుడికి అన్నట్టు, "సుభానీ హస్తవాసి" అనడం మొదలుపెట్టారు. మీరాబీ కడుపుబ్బ నవ్వింది. కానీ సుభానీ జ్వరంతో పడుకున్నప్పుడు, దేముడు అనే బండివాడు మరొకరి చేతిమీద పుచ్చుకుని బజార్లో బట్టలు విప్పేసి కేకలు పెట్టాడు. నూకరాజు అతన్ని నేరుగా సుభానీ గుమ్మంలోకి నడిపించుకొచ్చాడు.

"సూడు సుభానీ, నువ్వు లేకపోతే ఊరు ఇలాగైపోద్ది. ఈ పాపం ఎవుడిది?"

ఆ పూట సుభానీ ముద్ద ముట్టలేదు. "నేను అల్లిందే కదే అది," అన్నాడు భార్యతో. మళ్ళీ తనే, "ఒకవేళ నిజమైతేనో?" అన్నాడు.

యుద్ధం అయిపోయింది. తగరం వచ్చింది. సుభానీ కుంపటి బయటికి తీసి, తిత్తికి కొత్త తోలు కుట్టించాడు. సెలవు దొరికిన పూటల్లా వీధి అరుగు మీద కూర్చునేవాడు. ఒక్క గిన్నె రాలేదు. గంజాయి చెయ్యి తగిలితే చారుకి మత్తెక్కుతుందని ఆడవాళ్ళ భయం. చివరికి బెల్లం బట్టీల దగ్గర ఉండే మరిడమ్మ ఒక తపేలా తెచ్చింది. అద్దంలా మెరిసేట్టు కళాయి పూసిచ్చాడు. మర్నాడే ఆమె మళ్ళీ వచ్చింది.

"కోప్పడకు సాయిబూ. రాత్రి ఇందులో సారు కాసేను. మా అత్త నవ్వింది."

"నవ్వితే మంచిదే కదమ్మా?"

"నేను కాపరానికొచ్చిన కాడ్నించి మా అత్త నవ్వడం ఎవులూ సూళ్ళేదు. మావ జడుసుకుని సారంతా పారబోయించేసేడు. ఆ కళాయి తీసెయ్యి బాబూ."

సుభానీ తపేలా నిప్పుల మీద తిప్పి, కరిగిన తగరాన్ని గుడ్డతో తుడిచేశాడు. కుంపటి అటక మీదికి ఎక్కింది.

"పోనీ, నన్నొదిలెయ్యి మావా," అని నూకరాజుని ఒక్కసారే అడిగాడు.

"ఎల్లు. నేను కాల్లు కట్టేసేనేటి? రేపు ఎవుడికి పిచ్చెక్కినా నీ గుమ్మం కాడే కూకోబెడతాను."

ఇక అడగలేదు. ఏళ్ళు గడిచాయి. పండగపూట కూడా దుకాణానికి వెళ్ళాడు.

అతను పోయాక మీరాబీకి దుఃఖంతో పాటు భయం కూడా పట్టుకుంది. వీధిలో ఎవరు గట్టిగా అరిచినా, పిచ్చెక్కినవాణ్ణి గుమ్మంలోకి తెస్తున్నారేమోనని తలుపు సందులోంచి చూసేది. అలా ఉండగా, ఆ వీధికి కొత్తగా చింతపండు అమ్మొచ్చిన గంగాభవాని గుమ్మంలో బుట్ట దించి, సుభానీ పోయాడని విని నోరు తెరిచింది.

"అదేటి బీబమ్మా! మొన్న సంతనాడు కూడా మా మాకవరపాలెం దుకానంలో కూకున్నాడు గదా? మా మావ ఆడి సేతిమీదే తెచ్చుకున్నాడు."

మాకవరపాలెం దుకాణం కూడా నూకరాజుదే. సుభానీ పేరు మోగడం మొదలైన ఏడాదే అక్కడ నూకరాజు వేరే మనిషిని కూర్చోబెట్టి, ఇతనే సుభానీ అని జనానికి చెప్పాడు. అతని అసలు పేరు తాతబ్బాయి. అతని చేతిమీద పుచ్చుకున్న వాళ్ళెవరికీ ఇన్నేళ్ళలో పిచ్చెక్కలేదట.